సరుకు పేరు అడగని బండి

ఏ రకం సమాచారాన్నైనా ఇముడ్చుకోగల పెట్టెను సి భాషలో ఒక్కసారే తయారుచేసి, దాన్నే అన్ని చోట్లా వాడుకోవడం ఎలాగన్నది పైకి ప్రోగ్రామర్ల ఇంటి గొడవలా కనిపిస్తుంది గాని, దాని అడుగున ఉన్న ప్రశ్న పాతదే: లోపల ఏముందో తెలియకుండా ఒక వస్తువును భద్రపరచడం, వరుసలో నిలబెట్టడం, అడిగినప్పుడు వెతికి తీసి ఇవ్వడం సాధ్యమేనా, సాధ్యమైతే ఆ తెలియనితనానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? సమాచారాన్ని మెమరీలో ఒక పద్ధతి ప్రకారం అమర్చే ఏర్పాటును డేటా స్ట్రక్చర్ అంటారు. పక్కపక్కనే పేర్చిన వరుస అర్రే, ఒకదాని వెనుక ఒకటి తగిలించిన గొలుసు లింక్డ్ లిస్ట్, పేరు చెబితే చోటు చూపించే పట్టిక హాష్ టేబుల్. లోపలి వస్తువు ఏ రకానిదన్న దానితో నిమిత్తం లేకుండా పనిచేసే అమరికను జెనరిక్ అంటారు. సాధారణం అని తెలుగు చేయవచ్చు గాని, ఆ మాటకు మామూలుది అన్న అర్థం ముందే అంటుకుని ఉన్నందువల్ల జెనరిక్ అన్న మాటనే ఉంచడం మేలు.

మాట కొత్తదైనా ఊహ తెలుగువారికి కొత్తది కాదు. సరుకు అన్న మాట సరిగ్గా ఈ పనే చేస్తుంది: ఉప్పో ఉక్కో చెప్పకుండానే ఎత్తడానికి, దించడానికి, లెక్క రాసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. భిలాయ్ ఉక్కు పట్టణానికి దక్షిణాన, ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఉతై పరిసరాల్లో ఈ ఊహకు కంటికి కనిపించే రూపమే ఉంది. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం గూడ్స్ బండ్లలో మరౌదా స్టేషన్ మీదుగా కర్మాగారానికి చేరుతుంది, అదే కర్మాగారంలో తయారైన రైలు పట్టాలు దేశమంతటికీ వెళ్తాయి. వచ్చేది ఎర్రమట్టి పట్టిన రాయి, పోయేది నిగనిగలాడే ఉక్కు. గూడ్స్ బండి మటుకు రెంటికీ గూడ్స్ బండే. కర్మాగారం కట్టిన రోజుల నుంచి ఆ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం నిత్యకృత్యం. ఆ చుట్టుపక్కల సి భాష చదువుకునేవారికీ కొదవ లేదు: 2005లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉతైకి చేరువనే నేవయీలో ఉంది, 2016లో మొదలైన ఐఐటీ భిలాయ్ అదే జిల్లాలోని కుటేలాభాటాలో నెలకొంది.

ఇంజనీరింగ్ విద్యార్థి రాసే మొదటి లింక్డ్ లిస్ట్ దాదాపు ఎప్పుడూ పూర్ణాంకాల గొలుసే. ప్రతి కణుపులో ఒక సంఖ్య, తరువాతి కణుపు చిరునామా. అంతటితో ల్యాబ్ రికార్డు పూర్తవుతుంది. దశాంశ సంఖ్యలకూ అటువంటి గొలుసు కావలసివచ్చినప్పుడు ఆ విద్యార్థి పాత ఫైలును కాపీ చేసి, రకం పేరు మార్చి, అన్ని ఫంక్షన్ల పేర్లకూ ఒక తోక తగిలిస్తాడు. విద్యార్థుల జాబితాకు మూడో కాపీ పుడుతుంది. మొదటి దానిలో ఒక తప్పు దొరికి దిద్దిన రోజున మిగిలిన రెంటిలో ఆ తప్పు యథాతథంగా ఉండిపోతుంది, కాపీలు ఎన్ని ఉన్నాయో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. జెనరిక్ అవసరం పాఠంగా కాక తలనొప్పిగా పరిచయమయ్యేది ఇక్కడే, తలనొప్పిగా వచ్చినదే నిలుస్తుందని కూడా ఒప్పుకోవాలి.

సి భాష ఈ అవసరం తీర్చడానికి ఎందుకు తడబడుతుందన్నది దాని పుట్టుకలోనే ఉంది. దానికి ముందు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రూపొందించిన బి భాషలో రకాలన్నవే లేవు. యంత్రం ఒక్క విడతలో పట్టుకోగల మెమరీ గడి ఒక్కటే దానికి తెలిసిన వస్తువు. ఆ గడిలోనిది సంఖ్యా, అక్షరమా, మరో గడి చిరునామానా అన్నది రాసేవాడి మనసులో ఉండేదే తప్ప భాషకు పట్టేది కాదు. పీడీపీ 11 యంత్రం వచ్చి, అక్షరానికి ఒక బైటు, పూర్ణాంకానికి రెండు బైట్లు అన్న తేడా చూపవలసి వచ్చినప్పుడు డెనిస్ రిచీ భాషలోకి రకాలను తెచ్చాడు, 1970ల తొలి ఏళ్లలో అది సి భాష అయింది. అంటే సి భాష రకాలు లేని ఇంట్లో పుట్టి, అవసరం కొద్దీ రకాలు నేర్చుకున్న బిడ్డ. జెనరిక్ పెట్టె కావాలనుకున్న ప్రతిసారీ అది మళ్లీ పుట్టింటి వైపు చూస్తుంది.

ఆ పుట్టింటి దారి పేరు వాయిడ్ పాయింటర్. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటు చిరునామా. మామూలు పాయింటర్ ఆ చిరునామాతో పాటు అక్కడ ఉన్నది ఏ రకమో కూడా కంపైలర్‌కు, అంటే రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ఉపకరణానికి, చెబుతుంది. వాయిడ్ పాయింటర్ చిరునామా మాత్రమే చెప్పి రకం గురించి మౌనం వహిస్తుంది. 1978లో వచ్చిన కెర్నిఘన్, రిచీల సి భాష పుస్తకం నాటికి ఇది లేదు, అక్షర పాయింటర్‌తోనే ఆ పని గడుపుకునేవారు; 1989 ప్రమాణంలో దీనికి శాశ్వత స్థానం దక్కింది. దీనితో గొలుసు కట్టడం సులువే: ప్రతి కణుపులోనూ వస్తువుకు బదులు వస్తువు చిరునామా పెడితే చాలు, వస్తువు ఏదైనా చిరునామా పొడవు ఒక్కటే. కానీ నాలుగు బైట్ల సంఖ్యను దాచడానికి జీలిబ్ లైబ్రరీలోని జోడు గొలుసు వాడితే, ముందుకూ వెనక్కూ వస్తువుకూ ఒక్కొక్క చిరునామా చొప్పున నేటి 64 బిట్ల యంత్రంలో కణుపుకే 24 బైట్లు పడతాయి. గుప్పెడు బియ్యానికి గోనెసంచి. అది చాలదన్నట్టు, తీసుకునేటప్పుడు రకం తప్పుగా చెప్పినా కంపైలర్ నోరెత్తదు, ఎందుకంటే తెలిసినదాన్ని మరిచిపొమ్మని దానికి చెప్పింది ప్రోగ్రామరే.

మరిచిపోయినదాన్ని ఎవరో ఒకరు గుర్తుంచుకోక తప్పదు. సి భాషలో జెనరిక్ పద్ధతులు ఎన్ని ఉన్నా, వాటి మధ్య అసలు తేడా ఆ జ్ఞాపకాన్ని ఎవరి నెత్తిన పెడతారన్నదే. ప్రామాణిక లైబ్రరీలోని క్యూసార్ట్ అన్న ఫంక్షన్ దాన్ని పిలిచినవాడి నెత్తిన పెడుతుంది. అర్రే ఎక్కడ మొదలవుతుంది, అందులో ఎన్ని వస్తువులు, ఒక్కొక్కటి ఎన్ని బైట్లు అని మూడు సంగతులు అడిగి, నాలుగోదిగా రెండు వస్తువుల్లో ఏది ముందో చెప్పే మరో ఫంక్షన్ చిరునామా అడుగుతుంది. తనకు తెలియని ఒకే ఒక్క విషయాన్ని, అంటే క్రమం అంటే ఏమిటన్నదాన్ని, అవసరమైన ప్రతిసారీ ఆ పోలిక ఫంక్షన్‌ను పిలిచి కనుక్కుంటుంది. తనకు తెలియదని తెలిసి, ఎవరిని అడగాలో తెలిసిన పనివాడి తీరు ఇది.

క్యూసార్ట్ అన్న పేరు వెనుక ఉన్న క్విక్‌సార్ట్ పద్ధతిని టోనీ హోర్ 1959లో మాస్కో విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఊహించాడు. రష్యన్ వాక్యాలను యంత్రం చేత ఇంగ్లీషులోకి అనువదింపజేసే ప్రయత్నంలో, వాక్యంలోని మాటలను నిఘంటువులో వెతకడానికి వీలుగా అక్షర క్రమంలోకి తేవలసిన అవసరం అందుకు ప్రేరణ. 1955లో కుదిరిన సోవియట్ ఒప్పందం ప్రకారం కట్టిన భిలాయ్ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించినదీ ఆ 1959లోనే, ఫిబ్రవరి 4న. ఈ రెంటికీ కార్యకారణ సంబంధమేదీ లేదు, అంటగట్టడమూ సబబు కాదు. అయినా ఆ ఏడు రష్యన్ మాటలను అటు యంత్రానికీ ఇటు ఛత్తీస్‌గఢ్ మైదానంలోని కార్మికులకూ అర్థమయ్యేలా మార్చే పని ఏకకాలంలో సాగిందన్న సంగతి మనసుకు తట్టకుండా ఉండదు. క్యూసార్ట్ అని పేరున్నంత మాత్రాన లోపల క్విక్‌సార్టే ఉండి తీరాలని సి ప్రమాణం ఎక్కడా చెప్పదన్నది వేరే ముచ్చట.

పోలిక ఫంక్షన్ రాయడం చిన్న పనిలా కనిపించి పెద్ద తప్పులు చేయిస్తుంది. మొదటిది ముందుండాలంటే రుణ సంఖ్య, రెండోది ముందుండాలంటే ధన సంఖ్య, సమానమైతే సున్న ఇవ్వాలి గనుక, ఒకదానిలోంచి మరొకటి తీసివేసి ఆ ఫలితం ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రెండు వందల కోట్లలోంచి రుణ రెండు వందల కోట్లు తీసివేస్తే నాలుగు వందల కోట్లు రావాలి. నాలుగు బైట్ల పూర్ణాంకంలో పట్టేది 2147483647 వరకే. గడి పొంగి, సాధారణంగా ధన ఫలితం రుణంగా తిరగబడి, పెద్దది చిన్నదిగా చలామణీ అవుతుంది. మరో తప్పు దీనికంటే లోతైనది: మాటల అర్రేను వరుసలో పెట్టడానికి, రెండు మాటలను పోల్చే స్ట్రకంప్ అన్న సిద్ధ ఫంక్షన్‌ను నేరుగా క్యూసార్ట్ చేతికివ్వడం. క్యూసార్ట్ ఇచ్చేది మాట చిరునామా కాదు, మాట చిరునామా ఉన్న గడి చిరునామా. స్ట్రకంప్ ఆ గడిలోని చిరునామా బైట్లనే అక్షరాలుగా భావించి చదివేస్తుంది. ఉత్తరం మీద రాసిన విలాసాన్నే ఉత్తరం అనుకుని చదివినట్టు.

జ్ఞాపకాన్ని ప్రోగ్రామర్ నెత్తిన కాక, కంపైలర్ కంటే ముందు నడిచే ప్రీప్రాసెసర్ నెత్తిన పెట్టడం మరో దారి. అది పాఠాన్ని పాఠంగా మార్చే యంత్రం. మాక్రో అన్న అచ్చు ఒకటి ఇచ్చి, ఖాళీలో రకం పేరు నింపమంటే, విద్యార్థి చేత్తో చేసిన కాపీ పనినే అది అలసట లేకుండా చేసిపెడుతుంది. బీఎస్‌డీ యూనిక్స్ సంతతిలోని గొలుసులు, క్యూలు ఇలా అచ్చు పోసినవే. వేగానికి లోటుండదు, రకాల తనిఖీ కూడా కొంత దక్కుతుంది, కానీ ఎక్కడో ఒక కుండలీకరణం తప్పిపోతే వచ్చే దోష సందేశాలు చదవడం పూర్వజన్మ కర్మ అనుభవించడమే. 2011 ప్రమాణం జెనరిక్ అన్న మాటను భాషలోకే తెచ్చింది గాని, అది ఇచ్చిన రకాన్ని బట్టి ఏ ఫంక్షన్ పిలవాలో ఎంచిపెడుతుందే తప్ప కొత్త పెట్టెను తయారుచేయదు. సి ప్లస్ ప్లస్ టెంప్లేట్లు ఈ అచ్చు పనిని భాషలో భాగం చేశాయి, వాటితో కట్టిన అలెగ్జాండర్ స్టెపనోవ్ లైబ్రరీ 1994లో ఆ భాష ప్రమాణ ముసాయిదాలో చేరింది. అది మరో సంసారం.

మూడో దారి గూడ్స్ బండి దారి, సి భాష స్వభావానికి అన్నిటికంటే బాగా ఒదిగినదీ అదే. వ్యాగన్‌కు ముందొక కప్లింగు, వెనకొక కప్లింగు ఉంటాయి. ఖనిజం నింపినదైనా, పట్టాలు పేర్చినదైనా, ఖాళీదైనా ఆ కప్లింగుల కొలతలు ఒక్కటే. బండి కట్టే మనిషి చూసేది కప్లింగునే గాని లోపలి సరుకును కాదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లోని గొలుసు అచ్చంగా ఇదే. వస్తువును కణుపులో పెట్టడానికి బదులు కణుపునే వస్తువులో పెడతారు: ముందు చిరునామా, వెనక చిరునామా తప్ప మరేమీ లేని చిన్న కప్లింగు ఒకటి ప్రతి వస్తువు ఒంట్లోనూ ఇమిడి ఉంటుంది, గొలుసు కట్టే ఫంక్షన్లు ఆ కప్లింగులతోనే మాట్లాడతాయి. ఒకే వస్తువు రెండు గొలుసుల్లో ఉండాలంటే దానికి రెండు కప్లింగులు పెడితే సరి.

కప్లింగు దొరికితే వ్యాగన్ ఎక్కడుందో తెలిసేదెలా? ఇక్కడ సి భాష చేసేది శుద్ధమైన తీసివేత. ఒక వ్యాగన్ వివరాల్లో మొదట నాలుగు బైట్ల నంబరు, తరువాత ఎనిమిది బైట్ల బరువు, ఆ తరువాత కప్లింగు ఉన్నాయనుకుంటే, బరువు తన చోట ఒద్దికగా కూర్చోవడానికి కంపైలర్ నంబరు వెనుక నాలుగు బైట్లు ఖాళీగా వదులుతుంది గనుక, కప్లింగు మొదలయ్యేది 16వ బైటు దగ్గర. గొలుసులో నడుస్తూ 1016 అన్న చిరునామా దగ్గర కప్లింగు తగిలితే, 16 తీసేస్తే వ్యాగన్ 1000 దగ్గర మొదలైనట్టు. కెర్నెల్‌లో దీనికి కంటైనర్ ఆఫ్ అన్న మాక్రో ఉంది. విడిగా కణుపులు కేటాయించడం లేదు, సరుకు దగ్గరికి వెళ్లడానికి మరో చిరునామా దాటడం లేదు. జ్ఞాపకం మాత్రం ఇక్కడా ఎవరికో ఒకరికి ఉండాలి: ఈ గొలుసులోనివన్నీ ఫలానా రకం వ్యాగన్లేనని రాసేవాడికి తెలిసి ఉండాలి, కప్లింగులన్నీ ఒకేలా ఉంటాయి గనుక తప్పు రకం పేరు చెప్పినా తీసివేత జరిగిపోయి, మరెవరిదో చోటు వ్యాగన్‌గా దర్శనమిస్తుంది.

ఈ గొలుసు గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది, దాని తల మటుకు సరుకు లేని ఉత్త కప్లింగు. నడక ముగిసి తల దగ్గరికి వచ్చాక కూడా చేతిలోని చిరునామాను వ్యాగన్ అనుకుని వాడితే, లేని వ్యాగన్‌లోంచి సరుకు దింపబోయినట్టే. లినక్స్‌లో ఇటువంటి పొరపాట్లు వాస్తవంగా ఉన్నాయని, నడకకు వాడిన చలరాశి నడక పూర్తయ్యాక కూడా బతికి ఉండటమే వాటికి మూలమని 2022లో చర్చకు వచ్చింది. చలరాశిని ఆ నడక వరకే పుట్టించి అక్కడితో అంతం చేయడానికి కెర్నెల్ అప్పటివరకు పట్టుకు కూర్చున్న 1989 నాటి సి అనుమతించదు. ఆ ఏడే వచ్చిన 5.18 వెర్షన్‌తో లినక్స్ 2011 సి వైపు జరిగింది. ముప్ఫై ఏళ్ల వయసున్న మహా నిర్మాణం తన భాషా ప్రమాణాన్నే మార్చుకోవడానికి నిమిత్తమైనది ఒక గొలుసు చివరి కప్లింగు.

క్రమం ఎవరికి తెలియాలన్న ప్రశ్న తెలుగు అక్షరాల దగ్గర మరింత ముదురుతుంది. భారతీయ లిపులన్నిటికీ కలిపి 1988లో ఇస్కీ అన్న సంకేత ప్రమాణం ఒకే చట్రం వేసింది, దాన్ని అనుసరించి 1991లో యూనికోడ్ ఒక్కొక్క లిపికి 128 గడులు కేటాయించింది. నాగరి, తెలుగు, తమిళం ఏది తీసుకున్నా క అన్న అక్షరం తన పెట్టెలో సున్న నుంచి లెక్కిస్తే 21వ గడిలోనే ఉంటుంది. తమిళంలో ఖ, గ, ఘలు లేవు గనుక ఆ గడులు ఖాళీగా పడి ఉంటాయి. ఇది ఏ ప్రోగ్రామరూ సి భాషలో రాయకపోయినా, జెనరిక్ నిర్మాణానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, దాని మూల్యానికీ దొరకదు. ఆ ఉమ్మడి చట్రంలో ల పక్కన ళ వస్తుంది, ఆ తరువాత వ. తెలుగు బడిలో వల్లెవేసే వర్ణమాలలో ళ వచ్చేది హ దాటాక. ళ అన్న అక్షరాన్ని యంత్రం 224, 176, 179 అన్న మూడు బైట్లుగా దాస్తుంది, వ అన్నదాన్ని 224, 176, 181గా. స్ట్రకంప్‌కు తెలిసినది బైట్ల పెద్దరికమే గనుక 179ని ముందు నిలబెట్టి, కళ తరువాతే కవిని రానిస్తుంది. వర్ణమాల ప్రకారం కవి ముందు, కళ తరువాత. ం అన్న సున్నను ఎక్కడ ఇరికించాలన్న దగ్గర మరో పంచాయితీ మొదలవుతుంది. వీటిలో ఏదీ క్యూసార్ట్ తప్పు కాదు. తెలుగు వరుస తెలిసిన పోలిక ఫంక్షన్ ఒకటి రాసి ఇస్తే, అదే క్యూసార్ట్ తన లోపల ఒక్క అక్షరం మార్చుకోకుండా తెలుగు నిఘంటువును పేర్చిపెడుతుంది. దానికి తెలుగు రాకపోవడమే ఇక్కడ దాని అర్హత.

ఊరి పేరునే తీసుకుని చూస్తే ఈ సంగతి ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఉతై అన్న మాటను తెలుగు చదువరి ఉ, తై అని రెండు అక్షరాలుగా లెక్కపెడతాడు. యూనికోడ్ లెక్కలో ఉ, త, ఐత్వం గుర్తు కలిపి మూడు. సి భాషలో పొడవు కొలిచే ఫంక్షన్‌ను అడిగితే తొమ్మిది అంటుంది, ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు గనుక. అదే పేరు అక్కడి హిందీ బోర్డుల మీద ఉ, త, ఈ అని మూడు విడి అక్షరాలుగా ఉంటుంది. దానికీ యంత్రం లెక్క తొమ్మిదే. రెండు లిపుల్లో రాసిన ఊర్ల జాబితాను ఒకే అర్రేలో పోసి వరుస పెట్టమంటే, రెండు ఉతైలనూ పక్కపక్కన నిలబెట్టాలని చెప్పగల తెలివి పోలిక ఫంక్షన్ రాసేవాడి దగ్గర ఉండాలి. స్ట్రకంప్‌కే వదిలేస్తే అది మొదటి బైటు రెండు చోట్లా 224 అని చూసి ముందుకు కదులుతుంది. రెండో బైటు నాగరిలో 164, తెలుగులో 176. మూడోది రెండింటిలోనూ 137 అన్న సంగతి చూడకుండానే, రెండో బైటు దగ్గరే తీర్పు ఇచ్చేసి వెనక్కి వస్తుంది.